వంటింటి పొగ: చరిత్రకెక్కని శ్రమ

మా అమ్మకు డెబ్బై ఆరేళ్లు. ఆమె ఊపిరితిత్తులు చెడిపోయి చాలా కాలమయింది. ఏడేళ్ల కింద మొదటిసారి పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు అక్కడి యువ వైద్యుడు కేసు షీటు ముందు పెట్టుకుని రెండు ప్రశ్నలు అడిగాడు. బీడీ, చుట్ట, సిగరెట్టు అలవాటుందా అన్నాడు. లేదన్నాను. ఏం పని చేసేవారు అన్నాడు. "ఏ పనీ లేదండీ, ఇంట్లోనే ఉండేది" అన్నాను. ఆయన ‘గృహిణి’ అని రాసుకున్నాడు. పక్కనే స్టూలు మీద కూర్చుని ఆయాసపడుతున్న అమ్మ నా వైపు ఒకసారి చూసింది. మాట్లాడేంత ఊపిరి అప్పుడామెకు లేదు.

వారం తర్వాత ఇంట్లో, కాస్త తేరుకున్నాక, అడిగింది: "పనేం లేదంటివి గదరా డాక్టర్‌తోని. మరి పొయ్యికాడ ఊదిందంతా ఏంది?"

ముప్పై ఏళ్లు కళాశాలలో సాహిత్యం బోధించినవాణ్ణి. శ్రమ విలువ గురించి వ్యాసాలు రాసినవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు వెతికే ప్రయత్నం. ఇది ఒక కుటుంబంలోని జబ్బు గురించి అయినా, కుటుంబానికి మాత్రమే సంబంధించిన విషయం కాదని నా నమ్మకం.

1

రోగిని ‘నువ్వేం పని చేస్తావు?’ అని అడగాలన్న సూత్రానికి మూడు వందల ఏళ్ల పైబడిన వయసుంది. ఇటలీలో మొడెనా నగరానికి చెందిన బెర్నార్దినో రామజ్జీని అనే వైద్యుడు 1700లో వృత్తిపనివాళ్ల జబ్బుల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. సామాన్యుడికి వైద్యం చేసే ముందు పూర్వం నుంచి అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఈ ఒక్క ప్రశ్న కలపమన్నాడు. అది వైద్య చరిత్రలో పెద్ద మలుపు. జబ్బు దైవికమనీ, శరీర తత్వమనీ అనుకునే చోట, అది మనిషి చేసే పనిలోంచి, ఆ పని చేయించే పరిస్థితుల్లోంచి పుడుతుందన్న అవగాహనకు దారి తీసింది.

ఆ దారిలోనే ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు కార్మికవర్గ స్థితిగతుల మీద రాసిన పుస్తకంలో షెఫీల్డులో కత్తులకు సానపట్టేవాళ్ల ఉబ్బసాన్ని, గని కార్మికుల నల్లటి కళ్లెను నమోదు చేశాడు. మార్క్స్ 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో కుండల పరిశ్రమలో పనిచేసేవాళ్ల ఛాతీ జబ్బులను గురించి వైద్యుల సాక్ష్యాలను ఉదహరించాడు. ఊపిరితిత్తి రాజకీయార్థశాస్త్రంలోకి వచ్చింది అలా.

మన దేశంలో కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో సిలికోసిస్‌ను చేర్చింది. చట్టంలో ఉన్నంత మాత్రాన కార్మికుడికి పరిహారం అందిందని కాదు. పలకల గనుల్లో, రాళ్ల క్వారీల్లో రాతి దుమ్ము మింగినవాళ్లకు క్షయ అని చీటీ రాసి పంపించిన ఉదంతాలు మనకు తెలియనివి కావు. అయినా అక్కడ పోరాడటానికి ఒక పేరుంది, ఒక సెక్షనుంది, ఎదుట ఒక యజమాని ఉన్నాడు. మన కథకులు కూడా గనుల్లోకి, బీడీ కార్ఖానాల్లోకి వెళ్లారు. దగ్గు వాళ్ల కథల్లో వర్గ సాక్ష్యంగా నిలబడింది.

మరి అమ్మ దగ్గు? దానికి యజమాని లేడు. షిఫ్టు లేదు. హాజరు పట్టీ లేదు. ఊళ్లో దాన్ని ‘దమ్ము’ అన్నారు. "చుట్ట తాగినాయన మంచిగనే పోయిండు, తాగని ఆమెకు దగ్గొచ్చింది, రాత" అన్నారు. మా నాన్న ఆమెను ఒక ఏడు మృగశిర కార్తెకు చేప మందు కోసం హైదరాబాదు తీసుకుపోయాడు. ఆనాటి జనసముద్రాన్ని గురించి అమ్మ ఇప్పటికీ చెబుతుంది. వేరే దారి కనిపించనివాళ్లు ఈ దేశంలో ఎంతమంది ఉన్నారో ఆ వరసలే చెప్పాయి.

2

హాజరు పట్టీ లేదు గనక నేనే ఒక లెక్క వేశాను.

మాది నల్లగొండ జిల్లాలో మెట్ట ఊరు. అమ్మ పదిహేనో ఏట, 1963లో ఆ ఇంటికొచ్చింది. ఇంటికి గ్యాసు పొయ్యి 2003లో వచ్చింది. మధ్యలో నలభై ఏళ్లు. వంటిల్లు అంటే ఒక మూలగది. కిటికీ లేదు. దొంగలు, కుక్కలు రాకుండా, గాలికి మంట చెదరకుండా అలా కట్టుకునేవాళ్లు. వానాకాలం తడిసిన తుమ్మకట్టె, చలికాలం కందికట్టె, పత్తికట్టె, ఏడాది పొడుగునా పిడకలు. పొద్దున జొన్న రొట్టెలు, మధ్యాహ్నం కూర, రాత్రి అన్నం, స్నానాలకు నీళ్లు, పండుగలొస్తే పిండివంటలు, కోతలప్పుడు కూలీలకు గటక. తక్కువలో తక్కువ రోజుకు నాలుగు గంటలు ఆమె పొయ్యి ముందు ఉండేది. నలభై ఏళ్లకు 58,400 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టు చొప్పున 7,300 షిఫ్టులు. ఏడాదికి మూడు వందల పనిదినాలనుకుంటే ఇరవై నాలుగేళ్ల సర్వీసు.

ఆ గదిలో ఏముండేదో కొలిచినవాళ్లున్నారు. కిర్క్ స్మిత్ అనే పరిశోధకుడు, ఆయన భారతీయ సహచరులు 1981లో గుజరాత్ పల్లెల్లో వంట చేస్తున్న స్త్రీలకు గాలి నమూనా తీసే చిన్న యంత్రాలు తగిలించి కొలిచారు. వంట వేళ ఘనపు మీటరు గాలిలో దుమ్ము, మసి కణాలు సగటున 7 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉన్నాయని 1983లో ప్రకటించారు. 2004లో ఇంకొక పరిశోధక బృందం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో 420 ఇళ్లను పరీక్షించి, కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో వంట చేసే మనిషే అందరికన్నా ఎక్కువ పొగ పీలుస్తోందని తేల్చింది.

ఈ పొగ చేసే పని నెమ్మది. సన్నటి మసి కణాలు ఊపిరితిత్తుల అడుగు దాకా పోతాయి. చిన్న గాలి గొట్టాలు వాచి, ఇరుకై, కళ్లెతో పూడుకుంటాయి. గాలి తిత్తుల గోడలు తెగిపోయి సాగిన బుడగల్లా మిగులుతాయి. లోపలికి పోయిన గాలి పూర్తిగా బయటికి రాదు. ఉబ్బసంలో బిగిసిన గొట్టాలు మందుతో మళ్లీ బాగా తెరుచుకుంటాయి. ఇక్కడ పోయినది తిరిగి రాదు. డాక్టర్లు దీన్నే సీఓపీడీ అంటారు. ఇందులో ఒక రూపమైన ఎంఫిసీమాను స్టెతస్కోపు కనిపెట్టిన లెన్నెక్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే శవపరీక్షల్లో చూసి వర్ణించాడు. ఊపిరి కొలిచే స్పైరోమీటరును హచిన్సన్ 1846లో తయారు చేశాడు. జబ్బు కొత్తది కాదు, కొలత కొత్తది కాదు. ఎవరి ఊపిరి కొలవాలన్నదే ప్రశ్న.

3

తెలియక జరిగిందని ఓదార్చుకుందామా అంటే, చరిత్ర అందుకు ఒప్పుకోదు.

1953లో, అమ్మకు ఇంకా ఐదారేళ్ల వయసున్నప్పుడు, హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాశాలలో పనిచేసిన ఎస్.పి. రాజు కోట్లాది మందికి పొగలేని వంటిళ్లు కావాలన్న ఉద్దేశంతో ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. మట్టితో కట్టుకోగలిగే పొయ్యి, వరసగా గిన్నెలు పెట్టుకునే వీలు, పొగను ఇంటి బయటికి పంపే గొట్టం. దాన్ని హైదరాబాదు పొయ్యి అనే పిలిచారు. అంతకు కొద్ది ఏళ్ల ముందే వార్ధాలో మగన్‌వాడి గ్రామోద్యోగ కేంద్రం ‘మగన్ చూల్హా’ను రూపొందించింది. అంటే మా ఊరికి వంద మైళ్లయినా లేని రాజధానిలో, మా అమ్మ పొయ్యి ముందు కూర్చోవటానికి పదేళ్ల ముందే, పరిష్కారం గీతల్లో, కొలతల్లో సిద్ధంగా ఉంది. అది మా ఇంటికి రాలేదు.

ఢిల్లీలో హృద్రోగ నిపుణురాలు ఎస్. పద్మావతి (1917-2020) 1950లలో ఒక విచిత్రం గమనించింది. ఊపిరితిత్తులు దెబ్బతిని, ఆ భారం గుండె కుడి భాగం మీద పడి విఫలమయ్యే జబ్బు ఇతర దేశాల్లో ప్రధానంగా పొగతాగే మగవాళ్లది. ఢిల్లీలో అది పొగతాగటం అరుదైన స్త్రీలకు కూడా దాదాపు అంతే వస్తోంది. 127 మంది రోగుల మీద తన సహచరుడితో కలిసి 1959లో ప్రకటించిన అధ్యయనంలో, చిన్న వయసు నుంచి పీల్చిన వంటింటి పొగ వైపు ఆమె వేలు చూపింది. ఒక స్త్రీ, వైద్యురాలు, స్త్రీల రోగాన్ని వాళ్ల పనితో ముడిపెట్టి చూసింది. రామజ్జీని ప్రశ్నను వంటింటి గడప దాటించింది ఆమే అనటం అతిశయోక్తి కాదు.

తర్వాత ఏం జరిగిందో చూడండి. 1970లలో చమురు సంక్షోభం వచ్చింది. 1975లో ఎరిక్ ఎక్‌హోమ్ కట్టెల కొరతను ‘మరొక ఇంధన సంక్షోభం’గా వర్ణించాడు. అడవులు తరిగిపోతున్నాయన్న ఆందోళన ప్రభుత్వాలను కదిలించింది. 1983-84లో జాతీయ స్థాయిలో మెరుగైన పొయ్యిల పథకం మొదలయింది. అది నడిచిన దాదాపు రెండు దశాబ్దాల్లో మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టామని లెక్కలు చెప్పాయి. 2002లో కేంద్రం పథకాన్ని ఆపేసింది. చాలాచోట్ల గొట్టాలు మసితో పూడుకుపోయాయి, మట్టి పగిలింది, బాగుచేసే మనిషి లేడు, ఆడవాళ్లు పాత పొయ్యికే తిరిగిపోయారు. పొయ్యిల సంఖ్య లెక్కపెట్టారు గాని వాటి ముందు కూర్చున్నవాళ్ల ఊపిరి లెక్కపెట్టలేదు. ప్రధానంగా ఆలోచించింది చెట్టు గురించి, కట్టె గురించి. చెట్టును కాపాడవలసిందే, సందేహం లేదు. కాని చెట్టుకున్నపాటి రాజకీయ విలువ పొయ్యి ఊదే స్త్రీకి లేకపోయిందన్నది గమనార్హం.

1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్వల పథకం గ్యాసు కనెక్షన్లు ఇచ్చాయి. మేలే జరిగింది, కాదనను. అయితే కనెక్షన్ వేరు, ప్రతి నెలా సిలిండరు నింపుకోవటం వేరు. మా ఇంట్లో గ్యాసు వచ్చాక కూడా నీళ్లు కాచటానికి, బర్రెకు కుడితి పెట్టటానికి చాలా ఏళ్లు కట్టెల పొయ్యే మండింది. సిలిండరు ‘చుట్టాలొచ్చినప్పుడు’ అని దాచేవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇళ్లలోని పొగ మూలంగా ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారు. ఇది డెబ్బై ఏళ్ల కిందటే పరిష్కారం తెలిసిన సమస్య.

4

ఇక సాహిత్యం సంగతి. ఇక్కడ నేను ఇతరుల కన్నా ముందు నన్నే విమర్శించుకోవాలి.

విద్యార్థిగా ఉన్నప్పుడు నేనొక కవిత రాశాను. సాయంకాలం పూరిళ్ల కప్పుల మీంచి లేచే పొగను ఊరి నిశ్వాసం అన్నాను. మిత్రులు మెచ్చుకున్నారు. ఆ పొగ ఆకాశంలోకి చేరే ముందు ఎక్కడ తిరిగి వచ్చిందో నాకు తెలుసు. దాని కింద కళ్లు తుడుచుకుంటూ అమ్మ ఉండేది. కవి ఊరి బయట గట్టు మీద నిలబడ్డాడు గనక పొగ అందంగా కనిపించింది.

భావకవుల్ని అని మనం తప్పించుకోలేం. మన అభ్యుదయ కథలోనూ పొయ్యి ఉంది. అది ఆకలికి గుర్తు. ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అని మన భాషలో ఒక మాటుంది. పస్తును అంత క్లుప్తంగా చెప్పే మాట ఇంకొకటి లేదు. ఎన్ని కథల్లో చల్లారిన పొయ్యి దారిద్ర్యానికి సాక్ష్యంగా నిలిచిందో లెక్కలేదు. అది నిజమే. కాని దాని తర్కం ఒకటుంది: మండని పొయ్యి విషాదమైతే, మండే పొయ్యి సుఖాంతం. కూలి డబ్బులు వచ్చాయి, బియ్యం వచ్చాయి, పొయ్యి రాజుకుంది, కథ ముగిసింది. రాజుకున్న పొయ్యి దాన్ని ఊదినదాన్ని ఏం చేసిందో మనం రాయలేదు. ఆకలి తీర్చే పని ఆకలి తీర్చినవాళ్ల ప్రాణం తీస్తుందన్న వైరుధ్యం మన కథా వస్తువు కాలేకపోయింది.

తర్వాతి కాలంలో స్త్రీల రచనలు ఆ తలుపు తెరిచాయి. విమల ‘వంటిల్లు’ కవిత, పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ వచ్చినప్పుడు మనలో కొందరు వాటిని ‘మధ్యతరగతి స్త్రీల అసంతృప్తి’ అని పక్కన పెట్టబోయారు. ఆ గొంతుల్లో నాదీ ఒకటి. వంటిల్లు శ్రమ స్థలమని ఒప్పుకోవటానికి అప్పుడు నాకు గణాంకాలు కావలసి వచ్చాయి. ఇంట్లో దగ్గు వినపడుతూనే ఉంది.

5

చరిత్ర ఇక్కడ ఆగదు. జబ్బు మనిషిని చూసుకోవటంలోనూ అదే చరిత్ర సాగుతోంది.

మొదటి రెండేళ్లు అమ్మను నేను చూసుకుంటున్నానని నమ్మాను. మిత్రులు అడిగితే ఆమె పరిస్థితి వివరంగా చెప్పేవాణ్ణి. కాని ఏ మందు ఎప్పుడు పీల్చాలో, పీల్చాక నోరు పుక్కిలించాలని, కడుపునిండా తింటే ఆయాసం పెరుగుతుంది గనక కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టాలని తెలిసింది నా భార్యకు. ఆమె బడిలో పంతులమ్మ. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ అమ్మ పక్కన మేలుకునేది. నేను ‘సాయం చేసేవాణ్ణి’.

ఒకసారి ఆమె తన తల్లిని చూడటానికి పుట్టింటికి వెళ్లింది. ఆ రాత్రి గాలివానకు కరెంటు పోయింది. అమ్మకు ఆక్సిజన్ ఇచ్చే యంత్రం ఆగిపోయింది. మూలన సిలిండరు ఉంది, దాని మూత తిప్పే స్పానరు ఎక్కడుందో నాకు తెలియదు. టార్చి వెలుగులో అమ్మ పెదవులు, గోళ్లు నీలంగా మారుతున్నాయి. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి, ఒక్కొక్క శ్వాసకు పెనుగులాడుతోంది. నా భార్యకు ఫోను చేశాను. "బియ్యం డబ్బా వెనక మేకుకు తగిలించి ఉంది" అన్నది. అక్కడే ఉంది. ఆరు నెలలుగా నా కళ్ల ముందే ఉంది.

ఆ రాత్రి తర్వాత పని నేర్చుకున్నాను. సాయం చెయ్యటం కాదు, పని. యంత్రాన్ని నిమిషానికి ఒక లీటరు మీద ఉంచాలి. ఆయాసం చూసి జాలిపడి పెంచకూడదు. ఈ జబ్బులో ఆక్సిజన్ ఎక్కువైతే కొందరికి రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగత కమ్ముతుంది. అందుకే వేలికి తగిలించే మీటరులో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటారు. రోజుకు కనీసం పదిహేను గంటలు ఆక్సిజన్ పెడితే రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిన రోగుల ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో అమెరికా, బ్రిటన్‌లలో జరిగిన పరిశోధనలు తేల్చాయి. ఆ పదిహేను గంటలకు కరెంటు బిల్లు కట్టగలిగే పింఛను నాకుంది. మా ఊళ్లో అమ్మ ఈడువాళ్లు, అలాగే దగ్గేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఆ యంత్రం లేదు. నా సేవను గురించి గొప్పగా చెప్పుకోవటానికి వీల్లేకుండా చేసే వాస్తవం ఇది.

యంత్రం తెచ్చిన మనిషి ఒక మాట గట్టిగా చెప్పాడు: ఆక్సిజన్ గొట్టంతో పొయ్యి దగ్గరికి పోకూడదు, మంట అంటుకుంటుంది. యాభై ఏళ్లకు పైగా ఎవరూ పెట్టని ఆంక్ష అప్పుడు వచ్చింది. అమ్మ సంతోషించలేదు. "పొయ్యికాడికి పోవద్దంటే ఇంక నేనెందుకు బిడ్డా ఈ ఇంట్ల" అని ఏడ్చింది. ఆ గది ఆమెను దెబ్బతీసింది, ఇంట్లో ఆమెకున్న ఒకే ఒక అధికారమూ ఆ గదిలోనే ఉంది. దీన్ని చైతన్యలోపమని తీసిపారేసేవాళ్లు ముందు ఆమెకు ఇంకేం మిగిల్చామో చూడాలి. ఇప్పుడు వంట నేను చేస్తాను. ఆమె తలుపు ఇవతల కుర్చీలో కూర్చుని ఉప్పెంతో, కారమెంతో చెబుతుంది.

వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి, పెదవులు ముడిచి మెల్లగా గాలి వదలమని చూపించింది. అలా వదిలితే గొట్టాలు ముడుచుకుపోకుండా ఉండి, లోపల చిక్కిన గాలి బయటికి వస్తుంది. అమ్మ మొదటిసారే సరిగ్గా చేసింది. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. "ఊదుగొట్టం ఊదినట్టే గదా, ఇది నాకు నేర్పాల్నా" అన్నది అమ్మ.

6

మొన్నటి నెలలో మళ్లీ ఆసుపత్రికి పోయాం. కొత్త డాక్టరు, కొత్త కేసు షీటు, అవే రెండు ప్రశ్నలు. పని అన్నచోట "వంట, కట్టెల పొయ్యి మీద, నలభై ఏళ్లు రోజుకు నాలుగు గంటలు" అన్నాను. ఆయన కలం ఆపి తలెత్తాడు. ఆ గడిలో అంత చోటు లేదు. మార్జినులో రాశాడు. మందులేవీ మారలేదు. అమ్మకు ఇప్పుడు ఆ రాతవల్ల ఒరిగేది ఏమీ లేదు. కాని ఆమె జబ్బుకు కారణం కాగితం మీదికి వచ్చింది.

సాహిత్య విద్యార్థులకు నేను కోరేది చిన్న పని. మీరు పరిశోధనకు తీసుకున్న నూరు కథల్లో అన్నం వండింది ఎవరు, దేనితో వండింది, ఆమె దగ్గిందా అని చూడండి. మన పెద్ద రచయితల్ని తగ్గించటానికి కాదు. మనం దేన్ని శ్రమగా లెక్కించామో, దేన్ని లెక్కించలేదో తెలియటానికి. రచయిత మిత్రులు తమ ఊళ్లలో డెబ్బై దాటిన స్త్రీల దగ్గర కూర్చుని రామజ్జీని అడగమన్న ప్రశ్న అడగాలి. వాళ్లు మొదట "నాదేం పని బిడ్డా" అనే అంటారు. అక్కడితో లేచి రాకూడదు. ఏ కట్టె, ఎన్ని రొట్టెలు, కిటికీ ఉందా, ఎన్నేళ్లు అని అడగాలి. త్వరగా అడగాలి, ఎందుకంటే ఆ చరిత్ర చెప్పగలిగినవాళ్లకు ఒక్కో వాక్యం పూర్తి చేసేంత ఊపిరి కూడా ఉండటం లేదు.